మేనమామ ఒడి

జైలు నుంచి తిరిగొచ్చిన నాతో మా ఊళ్లో ప్రతివాడూ చెప్పే మాట ఒకటుంది. విడదీసేదానికి పోయి పాపం ఇరుక్కున్నావు, అంటారు. టీ కొట్టు దగ్గర అంటారు, బస్సులో పక్క సీటులో కూర్చుని అంటారు, చావింట్లో కూడా పక్కకు పిలిచి మరీ అంటారు. ఈ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేను విడదీయడానికి పోలేదు. పట్టుకోవడానికే పోయాను.

జరిగింది ఒక్కసారి చెప్పి వదిలేస్తాను. వేప్పనపల్లి దగ్గర మా మామిడి తోట, దాని పక్కన ఇంకొకరి తోట. నడుమ బోరు నీళ్ల పైపు. అది మా గట్టు మీదుగా పోకూడదని మేము, పోతుందని ఆయన. ఎండాకాలం, నీళ్లు లేవు, మాట మీద మాట పెరిగింది. మా చిన్నాన్న కొడుకు పార అందుకున్నాడు. నేను ఆ పక్క తోటాయన్ని వెనక నుంచి రెండు చేతులూ కదలకుండా వాటేసి పట్టుకున్నాను. రెండు తగిలితే బుద్ధి వస్తుందిలే అనుకున్నాను. మొదటిది భుజానికి తగిలింది, రెండోది తలకు తగిలింది. మూడో నాడు ఆస్పత్రిలో ఆయన పోయాడు. కొట్టినవాడికి యావజ్జీవం, పట్టుకున్నవాడికి ఏడేళ్లు. తగ్గింపులు పోను ఐదేళ్ల పైచిలుకు సేలం జైల్లో ఉన్నాను. విడదీయడానికే పట్టుకున్నాడని మా వకీలు కోర్టులో వాదించాడు. జడ్జి నమ్మలేదు. ఊరు నమ్మింది. నమ్మి, నాకేదో మేలు చేస్తున్నాననుకుంటోంది.

బయటికి వచ్చేటప్పుడు నా ఆశ చాలా చిన్నది. నన్నెవరూ చూడకూడదు. హోసూరు పోయి ఏదో ఒక కంపెనీలో పని వెతుక్కోవాలి, ఒక రూము తీసుకోవాలి, ఆదివారం బట్టలు ఉతుక్కోవాలి, అంతే. ఇంతకంటే తక్కువ కోరిక మనిషికి ఉంటుందా? అది కూడా తీరనివ్వలేదు మా చెల్లెలు.

జైలు గేటు బయట తనొక్కతే నిలబడి ఉంది. కృష్ణగిరి బస్టాండులో దిగేదాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. అక్కడ టీ తాగి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ముక్కు చీది, ఇంత తీరిగ్గా అంది: "వచ్చే నెలలో మంచి రోజుండాదన్నా. పాపకు చెవులు కుట్టించాల."

మా వాళ్లలో బిడ్డకు మొదటిసారి చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. మామ పట్టుపావడా, గాజులు, పండ్లు, బొరుగులు, బెల్లం పళ్లేల్లో పెట్టి సీరు తీసుకురావాలి. తెచ్చి, అందరి ముందర పీట మీద కూర్చుని, బిడ్డ కదలకుండా పట్టుకోవాలి. మేనమామ లేకపోతే వరసకు మామ అయ్యేవాడెవడో ఒకడు కూర్చుంటాడు. లోకంలో ఎంతమంది పిల్లలకు అలా జరగలేదు? కానీ ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నేను లోపలికి పోయినప్పుడు మా మేనకోడలు ఉయ్యాల్లో ఉంది. వచ్చేసరికి ఒకటో తరగతి చదువుతోంది. అప్పటిదాకా ఆ పిల్ల చెవులు అలాగే బోసిగా ఉంచింది ఈ మహాతల్లి.

జైల్లో ములాఖత్‌కు వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. మాట్లాడటానికి ఇచ్చేది చిటికెడు సమయం. పక్కన ఇంకో పదిమంది అరుస్తుంటారు, అడ్డంగా ఉన్న ఇనప జాలీకి చెవి ఆనిస్తే గానీ వినపడదు. ఆ కాస్తలో అమ్మ ఆరోగ్యం అడగాలి, తోట సంగతి అడగాలి. నేను కుట్టించమనీ తను నువ్వు వచ్చినాకే అనీ, అంతలోనే టైమైపోయేది. అమ్మ చనిపోయిన సంగతి కూడా ఈ చెవుల తగవు మధ్యలో, గంట కొట్టే ముందు చెప్పింది. నాయిన అంతకుముందే పోయాడు. ఆ రోజు బ్యారక్‌లోకి తిరిగొచ్చి, ఏడవాలో చెల్లెల్ని తిట్టుకోవాలో తెలియక గోడకు ఆనుకుని కూర్చున్నాను.

చెల్లెలి అత్తగారిల్లు అత్తిముగంలో. మొదటిసారి పోయినప్పుడు ఆ పిల్ల వాకిట్లోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. రెండు చెవి తమ్మెలకూ రెండు ఎర్ర స్టిక్కరు బొట్లు అంటించుకుని ఉంది. బడిలో ఆడపిల్లలందరికీ కమ్మలున్నాయంట, దీనికి మాత్రం బొట్లు. చెమట పడితే ఊడిపోతాయని పలక వెనకాల నాలుగు స్టిక్కర్లు అదనంగా దాచుకుంటుందని తర్వాత తెలిసింది. "నువ్వేనా నా చెవుల మామ?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమనాలి?

హోసూరులో పని కోసం తిరిగిన తిరుగుడు ఇంకో రామాయణం. ఆధార్ చూపించమంటారు, దానికి ఓటీపీ వస్తుందంటారు. నా పాత నంబరు ఎప్పుడో పోయి ఎవరో తమిళాయన చేతికి చేరింది. ఫోన్ చేసి నాకు వచ్చిన తమిళంలో బతిమాలితే మొదటి రెండుసార్లు పాపం అంకెలు చదివి చెప్పాడు. మూడోసారి పోలీసుకు చెబుతానన్నాడు. పోలీసు అనే మాట వినగానే ఫోన్ పెట్టేశాను. చేయని తప్పుకు కూడా ముందే గుండె దడదడలాడటం ఒకటి నేర్చుకుని వచ్చాను కదా. కంపెనీలకు మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు ఒకాయన, ఐదేళ్లు యాడ పని చేసినావని అడిగాడు. వ్యవసాయం అన్నాను. పోలీస్ సర్టిఫికెట్ తెమ్మన్నాడు. ఇంకొకాయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నా భుజం తట్టి, మనిషి ఎలా మారాలో అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. పని మాత్రం ఇవ్వలేదు. ఆ ఉపన్యాసం బదులు ఒక చీపురు ఇచ్చి గేటు దగ్గర ఊడవమన్నా మొక్కేవాణ్ని.

చివరికి ఊరి బయట గులాబీ షెడ్డులో పని దొరికింది. ప్లాస్టిక్ పందిరి కింద గులాబీలు పెంచి బెంగళూరుకు పంపుతారు. ఆ ఓనరు ఏమీ అడగలేదు. ముళ్లు తీయడం వచ్చా అన్నాడు, వస్తుందన్నాను, రాకపోయినా. పొద్దున్నించి సాయంత్రం దాకా చల్లటి గదిలో నిలబడి కాడలు సమానంగా కోసి, పూలు ఇరవై ఇరవై చొప్పున కట్ట కట్టాలి. నాకు హాయిగా ఉంది. గులాబీలు ఏమీ అడగవు. కానీ ఫోన్ మోగుతుంది. మధ్యాహ్నం అన్నం తినేవేళకు సరిగ్గా మోగుతుంది. పట్టుపావడా ఏ రంగు తెస్తావు? గాజులు కొలత తీసుకున్నావా? చెవులు కుట్టే ఆచారికి నువ్వు చెబుతావా మమ్మల్ని చెప్పమంటావా? మనిషి బతుకు నిలబెట్టుకోవడానికి నానా తిప్పలూ పడుతుంటే దీనికి చెవుల గోల.

నిజంగా అడ్డు చెప్పింది ఒక్కరే. మా బావ తల్లి. ఆమె నాకు అత్త వరస. నేను రెండోసారి అత్తిముగం పోయినప్పుడు ఆమె అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నన్ను ఎదురుగా కూర్చోమంది. మంచినీళ్లు ఇప్పించింది. నేను తాగేదాకా ఆగి, ఒలవడం ఆపకుండానే చెప్పింది. తన మనవరాలిని ఏ పరాయివాడి ఒళ్లోనైనా కూర్చోబెడుతుందట, నా ఒళ్లో మాత్రం వద్దట. "నువ్వు పట్టుకోకపోయింటే ఆ మనిషి తప్పించుకునుండును కదప్పా. ఆ చేతులతో నా బిడ్డను పట్టుకుంటే నేను చూడలేను."

వంటింట్లో గిన్నెలు ధన్‌మని పడ్డాయి. అది మా చెల్లెలి జవాబు. ఇన్నాళ్లకు ఒక మనిషి నాతో నిజం మాట్లాడింది. కోపం రావాల్సింది, రాలేదు. ఏదో ఊపిరాడినట్టయింది. అవునత్తా, నువ్వు చెప్పింది నిజమే అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను ఒకసారి చూసి మళ్లీ కాయలు ఒలుచుకుంది.

బావ మంచివాడు. అటు తల్లి, ఇటు పెళ్లాం, మధ్యలో అడకత్తెరలో పోకచెక్క. నన్ను బైకు మీద బస్సు స్టాపు దాకా దింపుతూ దారి పొడుగునా ఒక్కో ఉపాయం చెప్పాడు. హోసూరులో గన్నుతో కుడతారంట, రెండు నిమిషాలంట, ఒడీ వద్దు పీటా వద్దు. లేకపోతే మత్తూరులో మొబైల్ షాపు పెట్టుకున్న మీ దాయాది ఉన్నాడు కదా, వరసకు మామే కదా, వాణ్ని కూర్చోబెడదాం, నువ్వు పక్కన నిలబడు. ఏదో ఒకటి చెయ్యి బావా, నన్ను వదిలెయ్యండి అన్నాను. ఆ మొబైల్ షాపు దాయాది ఉపాయం పాతదేనట. పిల్లకు మూడో ఏడు వచ్చినప్పుడు అన్నీ సిద్ధం చేసి వాణ్ని పీట మీద కూర్చోబెడితే, మా చెల్లెలు ఆచారి ముందు నుంచే పిల్లను లాక్కుని లోపలికి పోయి తలుపేసుకుందట. బంధువులు తిని పోయారు. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ ఆదివారం చెల్లెలు హోసూరులో నా రూముకు వచ్చింది. ఈసారి నేనే గట్టిగా అరిచాను. నాకు సిగ్గుగా ఉందని చెప్పాను. రెండువందల మంది ముందు పీట మీద కూర్చుంటే ప్రతి కన్నూ నా చేతుల మీదే ఉంటుందని చెప్పాను. మీ అత్త చెప్పిందే న్యాయమన్నాను. నా మీద ప్రేముంటే నా మానాన నన్ను బతకనివ్వమన్నాను. తను మంచం అంచున కూర్చుని అంతా విన్నది. పళ్లెంలో ఉన్న మురుకులు ఒక్కటి కూడా ముట్టలేదు.

"నీకోసరం అనుకుంటాండావా? అమ్మ పోయె, నాయిన పోయె. ఆ ఇంట్లో నన్ను ఏమన్నా అంటే, పోయి తలుపు తట్టేదానికి నాకు ఎవురుండారు? నువ్వు ఆ పీట మీద కూసుంటేనే నాకు పుట్టిల్లు ఉన్నట్టు. లేకపోతే లేదు. ఆరేండ్లు నేను పడిన మాటలు ఎవురి కోసరం పడినాననుకున్నావు?"

నేను నా సిగ్గు గురించే ఆలోచిస్తున్నాను. ఆ మొండిది ఇన్నాళ్లూ బిడ్డ చెవులు బోసిగా ఉంచి కాపాడుకుంది పుట్టింటినని నాకు అప్పటిదాకా తట్టలేదు. తట్టనందుకు నా మీద నాకే విసుగేసింది. సరే వస్తానన్నాను.

నేను సరే అంటే చాలదు కదా, అత్త ఒప్పుకోవాలి. ఆమె దేవుణ్ని అడుగుదామంది. వాళ్ల ఇంటి దేవత గుడిలో పువ్వు అడిగే వాడుక ఉంది. అమ్మవారి నెత్తిన తడి పువ్వు అంటిస్తారు, మనసులో మాట అనుకుంటారు, కుడివైపు పడితే సరే, ఎడమవైపు పడితే వద్దు. పొద్దున్నే తలస్నానాలు చేసి అందరం పోయాం. పూజారి పువ్వు పెట్టాడు. అది పడలేదు. కుడికీ పడలేదు, ఎడమకీ పడలేదు. అరగంట నిలబడ్డాం. ఈగలు ముసిరాయి. బావకు డ్యూటీ టైమవుతోంది. అమ్మవారికి ఇష్టం లేదని అత్త అంది. ఇష్టం లేకపోతే ఎడమకు పడును కదా అని చెల్లెలు అంది. ఇంకో అరగంట గడిచింది. నా బతుకు ఒక బంతిపువ్వు దగ్గర వచ్చి ఆగింది చూశారా, అదీ నా విసుగు. జైల్లో నయం, తీర్పు ఒక పూటలో చెప్పేశారు.

ఆఖరికి పూజారికి కాళ్లు నొప్పెట్టినట్టున్నాయి. హారతి పళ్లెం తీసుకుంటూ, చెంబులో నీళ్లు చేతి నుంచి జారినట్టుగా కాసిన్ని అమ్మవారి మీద, సరిగ్గా పువ్వుకు ఎడమ పక్కన చల్లాడు. పువ్వు జారి కుడివైపు పడింది. చెల్లెలు చేతులెత్తి మొక్కింది. బావ పైకి చూశాడు. నేను కిందికి చూశాను. అత్త అన్నీ చూసింది. చూసి, ఆ పువ్వు తీసి కళ్లకద్దుకుని, పోదాం పదండి అంది. ఆమె ఎందుకు ఊరుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె కూడా అలిసిపోయిందేమో.

చెవులు కుట్టే రోజు నేను ఐదు పళ్లేల సీరు తీసుకుని ఆటోలో దిగాను. మేళం పెట్టారు. షామియానా కింద ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చుని నన్నే చూస్తున్నారు. మొబైల్ షాపు దాయాది ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలోనే ఉన్నాడు, అవసరం పడితే పనికొస్తాడని ఎవరో పిలిచినట్టున్నారు. నేను తూర్పు ముఖంగా పీట మీద కూర్చున్నాను. పట్టుపావడాలో పిల్ల వచ్చి నా ఒళ్లో కూర్చుంది. స్టిక్కర్లు తీసేసిన చోట తెల్లగా రెండు గుండ్రటి మచ్చలున్నాయి. అత్త ఎదురుగా, మూరెడు దూరంలో, నేల మీద కూర్చుంది.

ఆచారి తమ్మెల మీద పెన్నుతో చుక్కలు పెట్టాడు. పసిబిడ్డయితే తెలియకుండానే అయిపోతుంది, ఇది పెద్దపిల్ల, గుంజుకుంటుంది, ఒక చేత్తో రెండు చేతులూ పట్టు, ఇంకో చేత్తో తల ఎదకు అదుముకో అని నాకు చెప్పాడు. నేను చేతులు చుట్టాను. చుట్టానే గానీ బిగించలేదు. బిగించలేకపోయాను. బంగారు తీగ మొన తగలగానే పిల్ల ఒక్క గుంజు గుంజింది. మొన పక్కకు పోయి తమ్మె గీసుకుపోయింది. రక్తం కారి పావడా మీద పడింది. పిల్ల గావుకేక పెట్టి తన్నుకులాడుతూ, "వదులు మామా, వదులు" అంది.

ఆ రోజు తోటలో ఆయన కూడా నాతో అదే అన్నాడు. నన్ను పేరు పెట్టి పిలిచి, వదులప్పా అన్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. కోర్టులో ఈ మాట ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నా చేతులు వాటంతట అవే విడిపోయాయి. పిల్ల ఒళ్లోంచి సగం కిందికి జారింది. మేళం ఆగిపోయింది. దాయాది కుర్చీలోంచి లేచి చొక్కా సర్దుకున్నాడు. వాణ్ని కూర్చోబెట్టండప్పా అని వెనకాల ఎవరో అన్నారు. నేను చెల్లెలి ముఖం చూశాను. తను నా వైపు చూడటం లేదు, నేల చూస్తోంది. ఆరేళ్లు లేనిది ఆ క్షణంలో ఆమె భుజాలు వాలిపోయాయి.

అత్త లేచింది. పిల్లను ఎత్తుకుపోతుందనుకున్నాను. ఆమె మోకాళ్ల మీద నా ముందుకు వచ్చింది. పిల్లను చంకల్లో చేతులు వేసి ఎత్తి మళ్లీ నా ఒళ్లోనే కూర్చోబెట్టింది. నా రెండు చేతులూ తీసుకుంది. చచ్చుపడ్డట్టు ఉన్నాయి అవి. వాటిని ఒకటి పిల్ల చేతుల మీదుగా, ఒకటి తల మీదుగా పెట్టి, పైన తన చేతులు పెట్టి అదిమింది.

"గట్టిగా పట్టప్పా. నువ్వు వదిలితేనే బిడ్డకు దెబ్బ తగిలేది" అంది.

పట్టాను. పిల్ల అరిచింది, తన్నింది, నాతో జన్మలో మాట్లాడనంది. ఆచారి మొదటి చెవి కుట్టి రెండో చెవి వైపు తిరిగాడు. ఆ తీగ మెలిపెట్టేదాకా అత్త నా చేతుల మీద నుంచి తన చేతులు తీయలేదు. నేనూ తీయలేదు.